చాచా బంపరు మీద పచ్చ మరక

మొన్న మా అపార్టుమెంటు సెల్లారులో నిలిపిన నా కారును ఎవరో గీకి వెళ్ళారు. వాచ్‌మన్ కెమెరాలో చూసి నంబరు చెప్పాడు, సెక్రటరీ గ్రూపులో ఫోటో పెట్టాడు, అవతలివారు సారీ అని ఒక మాటా, చేతులు జోడించిన బొమ్మా పంపారు. ఇన్సూరెన్సు వాళ్ళు బండిని తీసుకుపోయి నాలుగు రోజుల్లో కొత్తదానిలా చేసి తెచ్చారు. గీకినవారు మూడో అంతస్తులో ఉంటారట. ఆడో మగో కూడా నాకు తెలియదు. అంతా సవ్యంగా జరిగినందుకు సంతోషించాల్సింది పోయి, ఆ సాయంత్రమంతా ఏదో వెలితిగా గడిచింది. ఆ రోజుల్లో ఒక కారుకు సొట్ట పడితే వీధి వీధంతా పదిహేను రోజులు దాని మీదే బతికేది కదా అనుకున్నాను. (ఆ పదిహేను రోజులూ నేను పడ్డ అవస్థ వెంటనే గుర్తుకు రాలేదు. అది కాస్త ఆగి వచ్చింది.)

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. ఎమ్మిగనూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవాణ్ణి. ఉండేది మాత్రం ఆదోనిలో, ఒక ఇరుకు వీధిలో, మేడ మీద గదిలో. కింద ఇంటి ఓనరు, పత్తి వ్యాపారం చేసే శెట్టిగారు. ఎదురింట్లో డ్రైవర్ చాచా, చాచీ. చాచా ముప్పై ఏళ్ళు సర్కారు బస్సు నడిపి రిటైరైన మనిషి. అందులో సగానికి పైగా ఆదోని, ఎమ్మిగనూరు రూటు మీదే. ముప్పై ఏళ్ళలో ఒక్క కోడిపిల్లనైనా తొక్కలేదని వీధిలో చెప్పుకునేవారు. (మొదట చెప్పిందీ, రోజూ గుర్తుచేసేదీ చాచానే.) ఆయనకొక పాత తెల్ల కారు ఉండేది. ఇంటి ముందు నిలిపి, శుక్రవారం శుక్రవారం మసీదుకు మాత్రం అందులో వెళ్ళేవాడు. నడిచి వెళ్తే ఐదు నిమిషాల దూరం.

నా కారు సంగతి వేరు. తోటి లెక్చరరు ఒకాయన ఊరు విడిచిపోతూ నాకు అంటగట్టిన పాత చిన్న కారు అది. రంగు చిలకపచ్చ. డ్రైవింగ్ స్కూల్లో పది రోజులు నేర్చుకున్నాను గానీ పదకొండో రోజుకు ధైర్యం అయిపోయింది. అందుచేత దాన్ని ఇంటి ముందు గోడవారగా నిలిపి, పొద్దున్నే దుమ్ము తుడిచి, స్టార్ట్ చేసి, ఐదు నిమిషాలు దాని చప్పుడు విని, ఆపేసి, కాలేజీకి బస్సులో పోయేవాణ్ణి. ఎందుకని అడిగినవాళ్ళకు మన ఎండలకు ఇంజను వేడెక్కుతుందని చెప్పేవాణ్ణి. ఫిజిక్స్ సారు చెప్పాడు కదా అని నమ్మేవారు.

ఒక శుక్రవారం సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి నా కారు వెనక డోరుకు అరచేయంత సొట్ట, దాని పక్కన పొడుగాటి గీత. మరొకడైతే కేకలేసేవాడు. నేను సైన్సు చదువుకున్నవాణ్ణి. టేపుతో నేల నుంచి సొట్ట ఎంత ఎత్తులో ఉందో కొలిచాను. గీతలో ఇరుక్కున్న తెల్ల రంగు పెచ్చును ఊడదీసి కవర్లో వేశాను. మర్నాడు కాలేజీ ల్యాబు నుంచి వెర్నియర్ కాలిపర్స్ కూడా తెచ్చాను. (దాంతో ఏం కొలవాలో తెలియలేదు. చేతిలో ఉంటే బలంగా ఉండింది.) వీధిలో ఉన్న ఒకే ఒక తెల్ల కారు చాచాది. మెల్లగా వెళ్ళి చూశాను. ముందు బంపరు ఎడమ మూల మీద, సరిగ్గా అదే ఎత్తులో, చిలకపచ్చ మరక! నాకు మండిపోయింది తగిలించినందుకు కాదు. ఆ మనిషి రోజూ బండిని అద్దంలా తుడుస్తాడు, ఆ పొద్దున కూడా తుడిచాడు, ఆ మూలను మాత్రం ముట్టుకోలేదు. సాక్ష్యాన్ని అట్లాగే పెట్టుకుని తిరుగుతున్నాడంటే ఎంత లెక్కలేనితనం!

ఆదివారం పొద్దున బంపరు ముందు గొంతుక్కూర్చుని ఇంకోసారి కొలుస్తుంటే చాచా బయటికి వచ్చాడు.

"ఏంది సారూ, నా బండి కింద దూరి ఏం సూస్తాండావు?"

"మీ బండి నా బండికి తగిలింది చాచా. లెక్కలతో సహా చూపిస్తాను."

"తగిలినాదా? నా బండా?" చాచా గొంతు లేచింది. "ముప్పై ఏండ్లు తోలినా సారూ! సంత రోజు తోలినా, జాతర రోజు తోలినా, జనాలు టాపు మీద గూడా కూసోనుంటే తోలినా. ఎవరికన్నా తగిలిచ్చినానేమో పోయి అడుగు. నీ బండి ఎప్పుడు సూసినా ఆడనే నిలబడుకోని ఉంటాది. నిలబడిన బండికి పోయి తగిలిచ్చేంత చేతగానోడినా నేను?"

అప్పటికే గుమ్మాల్లోకి వచ్చిన జనం నా కారు నిలబడే ఉంటుందన్న మాటకు గొల్లుమన్నారు. ఆ నవ్వుతో నాకు మిగిలిన కాస్త ఇంగితం కూడా పోయింది. గట్టిగా, బోర్డు ముందు నిలబడినట్టు, ఎత్తులూ కోణాలూ చెప్పి, కవరు విప్పి తెల్ల పెచ్చు చూపించి, చివర్లో "వయసైనాక ఒప్పుకునే ధైర్యమైనా ఉండాలి" అనేశాను. సర్దిచెప్పడానికి వచ్చిన శెట్టిగారు, "పోనీలే సారూ, ఆ పచ్చ రంగు మా గేటుది గూడా అయ్యుండచ్చు గదప్పా" అన్నారు. అని, ఒక్క క్షణం ఆగి, "అంటే మా గేటుకు తగిలినాదా?" అంటూ గేటు చూసుకోవడానికి పరుగెత్తారు. చాచా మాత్రం లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.

ఆ తర్వాత మా ఇద్దరికీ మాటల్లేవు. వీధి రెండు జట్లయింది. నా జట్టులో నేనూ, వెర్నియర్ కాలిపర్సూ. చాచీ మాత్రం ఏ జట్టులోనూ చేరలేదు. ఆదివారం ఆదివారం నాకు బొరుగులతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ ఇచ్చే అలవాటు ఆమెకు. తర్వాతి ఆదివారం కూడా డబ్బా పట్టుకుని మెట్ల కిందకి వచ్చి నిలబడింది. నేను మొహమాటపడుతుంటే, "బండ్లు కొట్లాడుకుంటాండాయి. మనకేమప్పా? సల్లగయితాది, తిను" అంది. ఆత్మాభిమానం ఉన్నవాడెవడూ ఆ డబ్బా ముట్టడు. (ఖాళీ డబ్బా కడిగి ఇచ్చాను.)

ఆ పై ఆదివారం చాచానే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో తాళం పట్టుకుని, వీధి మధ్య నిలబడి మేడ మీదికి కేకేశాడు. "సారూ, దిగు. ఎమ్మిగనూరు దాకా పోయొస్తాము. నేను తోలేది నీ కండ్లతో సూడు. సూసినాక గూడా తగిలిచ్చినావంటే, ఈడనే అందరి ముందర ఒప్పుకుంటా." అందరూ నా వైపు చూశారు. దిగక తప్పలేదు.

ఊరు దాటాక నేను నిజంగా నోరు తెరుచుకుని చూశాను. గేరు మార్చడం తెలిసేది కాదు. పత్తి లారీల పక్కనుంచి నీళ్ళు జారినట్టు జారేవాడు. ఎక్కడ గుంత ఉందో, ఎక్కడ రోడ్డు కుడికి వాలుతుందో, ఏ కల్వర్టు దగ్గర ఏ వానకు నీళ్ళు ఎక్కుతాయో వరుసగా చెబుతూ పోయాడు. దారిలో ఆరేకల్ ఊరు దాటేసరికి, ఈయన నా బండికి తగిలించి ఉంటాడా, నా లెక్కే తప్పేమో అని నాకే అనుమానం మొదలైంది. అప్పుడు ఎడమవైపు పొలంలోంచి గొర్రెల మంద రోడ్డెక్కింది. చాచా వేగం తగ్గించలేదు.

"చాచా! గొర్రెలు!"

"యాడ?"

ఆ 'యాడ' ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను స్టీరింగు మీద చెయ్యి వేసి మళ్ళీ అరిచాను. చాచా బ్రేకు తొక్కాడు. ముందు గొర్రెకూ మాకూ జానెడు దూరంలో బండి ఆగింది. గొర్రెలాయన కర్ర ఎత్తి, "కండ్లు కనపడ్తాండాయా లేదా నీకు?" అని తిట్టాడు. రోడ్డు మీద అందరూ అందరినీ తిట్టే తిట్టే అది. ఇంకెప్పుడైనా అయితే చాచా కిటికీలోంచి తల పెట్టి నాలుగు అనేవాడు. ఆ రోజు స్టీరింగు పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. మంద మొత్తం దాటింది. దుమ్ము కూడా సర్దుకుంది.

నాకు అప్పుడు తట్టింది. "చాచా, మీ బంపరు ఎడమ మూల ఎప్పుడైనా చూశారా?" అన్నాను.

దిగి వంగాడు. కనపడలేదు. తల పూర్తిగా పక్కకు తిప్పి, కుడి కంటిని బంపరుకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూశాడు. బొటనవేలితో పచ్చ మరకను రుద్దాడు.

"నేనే తగిలిచ్చినానా సారూ," అన్నాడు. "ఆ పొద్దు ఒక సప్పుడైతే వినిపిచ్చినాది. దిగి సూసినా. ఏమీ కనపల్లే. కనపల్లేదు గదా, ఏమీ లేదనుకున్యా. ఈ ఎడమ పక్క కంటికి ఏడాదిగా మబ్బు మాదిరి ఉంటాది."

"చాచీకి తెలుసా?"

"తెలిస్తే తాళం బీరువాలో పెట్టేస్తాది. ఆమెకు తెలిస్తే వీధికంతా తెలిసినట్టే." రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "డ్రైవర్ చాచా, డ్రైవర్ చాచా అంటారు. అది పోతే నన్ను ఇంగ ఏమని పిలుస్తారు సారూ?"

వయసు గురించి నేనన్న మాటను వెనక్కి తీసుకోగలిగితే బాగుండుననిపించింది. అంతలో ఇంకో సంగతి గుర్తొచ్చి ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఇంటికి ఎట్లా పోవాలి? నడపడం వచ్చినవాడికి చూపు లేదు, చూపున్నవాడికి నడపడం రాదు. చాచా తాళం నా చేతిలో పెట్టాడు. ఆ ప్రయాణం ఎంతసేపు పట్టిందో చెబితే నమ్మరు. చాచా కళ్ళు మూసుకుని చప్పుడు వింటూ చెబుతున్నాడు. "ఇంజను ఏడుస్తాంది, ఇంటాండావా? గేరు మార్చు. ఆ... ఇప్పుడు నగుతాంది. కాలు తియ్." సైకిళ్ళు మమ్మల్ని దాటిపోయాయి. ఒక ఎద్దులబండాయన దారి ఇస్తాను పొమ్మని సైగ చేశాడు గానీ, దాటే ధైర్యం లేక ఊరు వచ్చేదాకా అతని వెనకే వచ్చాం.

వీధి మొత్తం కాచుకుని ఉంది. నేను స్టీరింగు ముందు ఉండటం చూసి ఒక అలజడి. చాచా దిగి, చొక్కా సర్దుకుని, మాట ప్రకారం చెప్పేద్దామని నోరు తెరిచాడు. నేను అడ్డం పడ్డాను. "చాచా తప్పేం లేదు. నా లెక్క తప్పింది. పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు బండి గేర్లో ఉండి నేనే సున్నం గోడకు గుద్దినట్టున్నాను. చెప్పడానికి సిగ్గేసింది."

"ఏ గోడకప్పా? మా గోడకా?" అంటూ శెట్టిగారు అటు పరుగెత్తారు.

మిగతావాళ్ళు ఎంత నవ్వారంటే, చాచా మొహం ఎవరూ చూడలేదు. ఆ రోజు నుంచి నేను 'గోడ సారు'ని. ఆ పేరు వీధితో ఆగక, బస్సెక్కి నాకంటే ముందు ఎమ్మిగనూరు చేరి, కాలేజీ బెంచీల మీద కూడా చెక్కబడింది. ఆ సాయంత్రం చాచా మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, "ఎందుకట్ల సెప్పినావు బేటా?" అన్నాడు. సారు పోయి బేటా వచ్చింది. "ఈ వారంలో కన్ను చూపించుకోకపోతే నిజం చెప్పేస్తాను" అన్నాను.

చూపించుకున్నాడు. కర్నూలులో ఆపరేషన్ చేశారు. కళ్ళజోడు కోసమని చెప్పి బయలుదేరిన మనిషి కట్టుతో తిరిగొస్తే చాచీ వారం రోజులు మాట్లాడలేదు. (నాతో కూడా. ఆ ఆదివారం ఉగ్గాని రాలేదు.) కట్టు విప్పిన నాడు నల్లద్దాలు పెట్టుకుని చాచా నేరుగా నా కారు దగ్గరికి వచ్చి, డోరు వైపు చూసి అదిరిపడ్డాడు. "ఇంత పెద్ద సొట్టనా! దీనికి నువ్వు ఇంగా గట్టిగా కొట్లాడాల్సింది గదప్పా!" అని నన్నే తిట్టాడు. తర్వాత లోపలి నుంచి రబ్బరు సుత్తితో కొట్టి దాన్ని తనే సరిచేశాడు.

ఆ ఏడాదంతా రోజూ పొద్దున నా పక్క సీట్లో కూర్చుని ఎమ్మిగనూరు దాకా వచ్చి, నన్ను కాలేజీ గేటు దగ్గర దించినట్టు దించి, తను బస్సులో వెనక్కి పోయేవాడు. నాకు చేతనైన డ్రైవింగంతా ఆయన పెట్టిన భిక్షే. చాచా పోయి ఇప్పటికి ఏడేళ్ళు. ఆయన గుర్తొస్తే సొట్టా గుర్తురాదు, గొర్రెలూ గుర్తురావు. ఒక శనివారం మధ్యాహ్నం గుర్తొస్తుంది. ఆ రోజు కాలేజీ ఒంటిపూట కావడంతో ఇద్దరం కలిసి తిరిగొస్తున్నాం. ఉన్నట్టుండి పక్కనుంచి మాటలు ఆగిపోయాయి. చూస్తే చాచా తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నాడు. ఇంకొకరు తోలే బండిలో ఆయన కన్ను మూయడని, రైల్లో కూడా డ్రైవరును నమ్మక తెల్లార్లూ కూర్చుంటాడని చాచీ నాకు అంతకుముందు రోజే చెప్పింది. నాకు డిగ్రీ వచ్చిన రోజు కూడా అంత గర్వం కలగలేదు. క్లచ్చును మునివేళ్ళతో తొక్కుతూ, గుంతలన్నీ తప్పిస్తూ, ఆదోని చేరి, వీధి మలుపు వచ్చినా తిరగకుండా నేరుగా ఆలూరు రోడ్డెక్కాను. కొంత దూరం పోయాక ఆయన కళ్ళు తెరిచాడు.

"ఇది ఆలూరు రోడ్డు గదా బేటా?"

"దారి తప్పినట్టున్నాను చాచా."

కాసేపు రెండు వైపులా చూశాడు. "తప్పితే తప్పినావులే, బాగా తోల్తాండావు" అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఆ పక్కన, మీసాల్లో నవ్వు దాచుకుని, స్పీడు ముల్లును పాతిక దాటనివ్వకుండా పోతున్న ఆ గోడ సారు నాకు ఇప్పటికీ కనిపిస్తుంటాడు. ఎదురుపడితే వాడికి ఒకటే చెబుదును. ఇంటి దగ్గర పనేమీ లేదప్పా, ఇంకొంచెం దూరం పోయి తిరుగు.