‘కాదు’ అనే రెండు చేతులు

ఇది ఫారోలు, శాపాలు, ఇసుకలో పూడిపోయిన సామ్రాజ్యాలు ఉన్న మహాగాథ. అంటే, అలా మొదలుపెట్టాలని ఉంది. నిజానికిది ప్రాచీన ఈజిప్టు భాషలోని ‘కాదు’లనీ ‘లేదు’లనీ నేను రెండు వేసవులు జీతం లేకుండా ఏరిపెట్టిన కథ.

ఆ భాషలో ‘కాదు’ అంటే ఒక బొమ్మ: అటొకటి ఇటొకటి చాపిన రెండు ఖాళీ చేతులు. దాన్ని వాక్యం మొదట్లోనే పెట్టేస్తారు. చదివేవాడికి ఆశపడే టైమ్ కూడా ఇవ్వరు. మనం చివరిదాకా లాగి అప్పుడు చెప్తాం. మా ప్రొఫెసర్ అసలు చెప్పనే చెప్పలేదు.

మాస్టర్స్ అవుతుండగా, ఫండింగ్‌తో పీహెచ్‌డీ సీటు ఇస్తారా అని ఆయన్ని అడిగాను. “లెట్స్ సీ” అన్నాడు నవ్వుతూ. ఈలోపు తన పుస్తకం కోసం సమాధి గోడల మీది వాక్యాల్లో ‘కాదు’లన్నీ విడదీసి పెట్టమన్నాడు.

అమెరికాలోనే, ప్లేనో అనే ఊళ్లో పెరిగినదాన్ని. మా ఇంట్లో ‘చూద్దాంలే’ అంటే ఆ సంగతి ఇక అంతే అని చిన్నప్పుడే తెలుసు. కుక్కపిల్ల అలాగే రాలేదు, డ్రమ్స్ అలాగే రాలేదు. అదే మాట టెక్సస్ ఎండలో మెడకి స్కార్ఫ్ చుట్టుకున్న మనిషి ఇంగ్లిష్‌లో అనేసరికి సీటు వచ్చేసిందనుకున్నాను.

“ఏమన్నారే మీ సార్?” అంది అమ్మ.

“చూద్దామన్నారు.”

“అయితే రాదన్నమాట.”

“అమ్మా, ఆయన అమెరికన్. చూద్దామంటే చూస్తాడు.”

అమ్మ నమ్మింది. ఆదివారం గుళ్లో కలిసిన ఆంటీలందరికీ చెప్పేసింది.

“మమ్మీల మీద పీహెచ్‌డీనా? జాబ్స్ ఉంటాయా?” అందొక ఆంటీ.

“మీవాడి జాబ్ ఏంటో మాకు అర్థమైందా వదినా?” అంది అమ్మ.

రెండో వేసవి చివర్లో ప్రొఫెసర్ తన గదికి పిలిచాడు. కుర్చీలో ఎవరో కొత్త అబ్బాయి.

“మా కొత్త పీహెచ్‌డీ స్టూడెంట్. నీ ఫైల్స్ అన్నీ ఇతనికి చూపిస్తావా?”

“మరి నా సీటు?”

ఇక్కడ ఆయన రెండు చేతులూ చాపి ఉంటే కథ ఎంతో బాగుండేది. చాపలేదు. ఒక చేతిలో కాఫీ ఉంది.

“బడ్జెట్ సంగతి నీకు తెలుసుగా” అన్నాడు. అందులోనూ ‘లేదు’ లేదు.

ఫైల్స్ చూపించాను. అరుద్దామనే అనుకున్నాను గానీ, ఆ అబ్బాయి ప్రతి వాక్యానికీ థాంక్స్ చెప్తున్నాడు. అమ్మకి ఫోన్ చేస్తే, ఆంటీలకి ఏం చెప్పాలో ‘చూద్దాంలే’ అంది.

మర్నాడు లైబ్రరీలో నా డెస్క్ తాళం తిరిగిచ్చేయడానికి వెళ్లాను. తాళాల కౌంటర్ పన్నెండు నుంచి ఒంటిగంట దాకా లంచ్‌కి మూసేస్తారు. నేను వెళ్లేసరికి పన్నెండూ ఐదు; బోర్డు మీద ‘క్లోజ్డ్’ అని మాత్రం అన్నిటికంటే ముందే రాసిపెట్టారు.