చెయ్యి తుడిచే గోడ

కోట ఊళ్లోని ఆ నూరేళ్ల మిద్దెయింటి వంటగదిలో పెంచలమ్మ ఏ పులుసు కాచినా ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాకుతుంది. కళ్లు మూసుకుని ఉప్పు తేల్చుకుంటుంది. తర్వాత ఆ చెయ్యి పొయ్యి పక్క గోడకు రాస్తుంది. భుజాన తువ్వాలున్నా సరే, గోడకే. ఏళ్ల తరబడి రాసి రాసి అక్కడ చింతపండు రంగులో జిడ్డు మచ్చ తేలింది. "దేన్నీ పగలగొట్టొద్దు, గోడ గీకి రంగేస్తే చాలు," అని కోడలు వినీల పెయింటర్ హెబ్రోనును పిలిపించింది. అతను మూడు పూతలు వేశాడు. మూడుసార్లూ మచ్చ పైకొచ్చింది. "ఏందమ్మా ఇది, ఎంత పూసినా పోనంటాంది?" అన్నాడు. "మా అత్త చెయ్యి కూడా ఉండాదిలే దాంట్లో," అంది పెంచలమ్మ, కాస్త గర్వంగానే. నాలుగో పూతకు గోడ తెల్లబడింది.

మర్నాడు చేపల పులుసు. పెంచలమ్మ చుక్క నాకింది. చెయ్యి గోడ దాకా వెళ్లి, కోడలు చూస్తోందని గాల్లోనే ఆగిపోయింది. "ఉప్పు తెలీడం లేదమ్మే, నువ్వు చూడు," అని వినీల అరచేతిలో ఒక చుక్క వేసింది. ఎనిమిదేళ్లుగా అత్త పక్కనే నిలబడి వంట నేర్చుకున్న వినీల నాకింది, కళ్లు మూసుకుంది, "సరిపోయింది అత్తా," అంటూ చెయ్యి గోడకు రాసింది.

పెంచలమ్మ పొయ్యి కట్టేసి, "హెబ్రోనుకు మళ్లీ ఫోన్ చెయ్యబాకలే," అంది.