మా మామయ్య మంచి తిండి

మా మామయ్య భూమేశ్వర్ వంటింటి గడప దాటాడంటే ఆ పూట నా వంట సగం చెడినట్టే. ఊరికే రాడు. పొయ్యి మీద గిన్నె మూత తీస్తాడు, వంగి వాసన చూస్తాడు, "గీ నూనె ఎక్కడిది బిడ్డా" అని అడుగుతాడు. ఆ నూనె తెచ్చింది ఆయనే. గానుగ దగ్గర నిలబడి, తన కళ్ళ ముందే పల్లీలు ఆడించి, డబ్బా భుజాన పెట్టుకుని తెచ్చాడు. అయినా అడుగుతాడు. నేను ఎక్కడో ప్యాకెట్ నూనె దాచి అదే పోస్తున్నానని ఆయన అనుమానం.

ఆర్మూర్‌లో తెలిసినవాళ్ళంతా ఆయనను బెల్లం భూమన్న అంటారు. నందిపేట్ రోడ్డులో మాకు పొలం ఉంది, పసుపు, మక్కజొన్న వేస్తాం. పసుపు పండించే మనిషికి బెల్లం పేరు ఎందుకు వచ్చిందంటే, ఆ నోటి వల్లే వచ్చింది. మార్కెట్‌కు సరుకు తీసుకుపోయినప్పుడు అందరిలా ధర గురించి మాట్లాడి ఊరుకునేవాడు కాదు. చాయ్ తాగుతున్న రైతుల దగ్గరికి పోయి, చక్కెర విషమని, బెల్లం తిన్నవాడికి ఏ రోగమూ రాదని మొదలుపెట్టేవాడు. వినేవాళ్ళు దొరికితే జేబులోంచి బెల్లం ముక్కలు తీసి చేతుల్లో పెట్టేవాడు. వాళ్ళు తప్పించుకుని ఇంటికి పోవచ్చు. ఆయన వచ్చేది మా ఇంటికే కదా.

ఇదంతా మా అత్తమ్మ రామవ్వ పోయాక మొదలైంది. ఒక పొద్దున వాకిలి ఊడుస్తూ ఛాతీ పట్టుకుని కూర్చుంది, మళ్ళీ లేవలేదు. దవాఖానలో ఒక నర్సు, నూనె వంటలు ఎక్కువ తినేదా అని మామూలుగా అడిగింది. ఆ మాట మామయ్య చెవిలో ఉండిపోయింది. దినాలు అయిన మరునాడు వంటింట్లోకి వచ్చి నూనె ప్యాకెట్లు, మసాలా పొట్లాలు, బిస్కెట్లు, చక్కెర డబ్బా అన్నీ ఒక సంచిలో వేసి బయట పెట్టాడు. "దాన్ని నేనే సంపిన బిడ్డా. దుకాణంల దొరికిందల్ల తెచ్చి పెట్టిన" అన్నాడు. ఆ మాట విన్నాక ఆ మనిషితో ఎలా పోట్లాడాలి? ఆయన మీద ఎప్పుడు కోపం వచ్చినా ఆ సంచి కళ్ళ ముందుకు వస్తుంది.

నా భర్త సుమన్ బహ్రెయిన్‌లో పని చేస్తాడు. ఫోన్‌లో చెప్పుకుంటే, "నాయిన చెప్పేది మంచే గదా రోజా, జర ఓపిక పట్టు" అంటాడు. అక్కడ కంపెనీ మెస్సులో పరోటాలు తినే మనిషి ఇక్కడ నాకు ఓపిక నేర్పుతాడు.

తిండి బాగోలేదని మాత్రం అనను. పొలం గట్ల మీద గంగవాయిలి కూర, పుంటికూర కోసుకొచ్చి తనే ఏరి, కడిగి ఇచ్చేవాడు. కొర్రలు బాగుచేసేవాడు. పసుపు మా ఇంటికి వేరే తీసిపెట్టేవాడు, పాలిష్ పట్టించని కొమ్ములు, ఎండబెట్టి ఇంట్లోనే దంచడానికి. మక్క రవ్వతో వండిన గట్కలో మజ్జిగ పోసుకుని తింటే నాకు కూడా కడుపు చల్లగా ఉండేది. మా బిడ్డ అశ్విని బియ్యం డబ్బాలో దాచుకున్న నూడుల్స్ పొట్లం మామయ్య పట్టుకుని, దాని వెనక సన్న అక్షరాలు చదివించడానికి పక్కింటి మాస్టారి దగ్గరికి తీసుకుపోయిన రోజు మాత్రం అశ్విని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. తిండి బాగుంది, ఆ పోలీసు వేషమే భరించలేకపోయాను.

అప్పటికే ఆయనకు షుగర్ ఉంది. ఆర్మూర్ డాక్టర్ నా ముందే చెప్పాడు. తీపి మానాలి, గోళీ మానొద్దు, ఉత్త కాళ్ళతో నడవొద్దు. "పెద్దాయనా, మీ పాదాల్లో స్పర్శ తగ్గింది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. పుండు ముదిరితే కాలు తీసెయ్యాల్సి వస్తది" అన్నాడు. మామయ్య బుద్ధిగా తల ఊపాడు. ఇంటికి వచ్చాక చూస్తే, ఆ మూడు మాటల్లో ఆయన విన్నది ఒక్కటే, అదీ సగమే.

తీపి అంటే చక్కెర, చక్కెర ఎలాగూ ఇంట్లో లేదు. బెల్లం తీపి కిందికి రాదని ఆయన లెక్క. సజ్జ రొట్టెలు కాల్చి, వేడి మీద నలిపి, బెల్లం కలిపి మలీద ముద్దలు చేయమనేవాడు. బతుకమ్మ పండుగకు చేసుకునే మలీద మా ఇంట్లో రోజూ తయారు. నేను బెల్లం తగ్గించి కలిపితే వంటింట్లోకి వచ్చి, మళ్ళీ నలిపి, తనే ఇంకొంచెం వేసుకునేవాడు.

"మామా, బెల్లం గూడ షుగరే. డాక్టర్ వద్దన్నడు."

"డాక్టర్ సక్కెర వద్దన్నడు. చెరుకు రసం కాగబెడితె బెల్లమైతది, అండ్ల మందేముంది?"

"మందు లేకపోతె ఎంతైన తింటరా?"

"అంత ఇంటిదేనాయె బిడ్డా. ఇంటి తిండి తిని సచ్చినోన్ని ఎవన్నన్న సూసినవా?"

గోళీల సంగతి ఇంకా ఘోరం. మొదట రోజూ వేసుకున్నాడు. తర్వాత కళ్ళు తిరిగిన రోజు వేసుకున్నాడు. ఆ తర్వాత గోళీ కూడా ఫ్యాక్టరీలో చేసేదే అని గుర్తొచ్చింది, మానేశాడు. నేను పళ్ళెం పక్కన పెట్టిన గోళీలు తులసి కుండీలో తేలాయి. సుమన్‌కు ఫోన్ చేసి అరిచాను. "నాయినకు చెప్త" అన్నాడు. చెప్పాడు కూడా. తండ్రీకొడుకులిద్దరూ కలిసి కొర్రల గురించి మాట్లాడుకున్నారు.

మాఘమాసం దాటాక పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్ళంలో ఆరబోశాం. ఆ రోజుల్లో మామయ్య కళ్ళం వదిలి రాడు. పసుపు రాశుల మధ్య తిరుగుతాడు, కొమ్ములు తిరగబోస్తాడు, లోపలిదాకా ఎండిందో లేదో విరిచి చూస్తాడు. కళ్ళంలోకి ఎవరూ చెప్పులతో రారు. అది లక్ష్మి. కూలీకి వచ్చేవాళ్ళయినా, సరుకు చూడటానికి వచ్చే సేటు అయినా చెప్పులు గట్టున విడిచి రావాల్సిందే. డాక్టర్ ఉత్త కాళ్ళతో నడవొద్దన్నాడని నేను గుర్తు చేస్తే, పొలం పొత్తులో చేసే కాశీరాం కూడా నన్నే విచిత్రంగా చూశాడు. "పసుపు మీద చెప్పులేసుకుంటరా, వదినె" అన్నాడు. నాకూ ఆ మాట అన్నందుకు భయమేసి, దండం పెట్టుకున్నాను.

ఆ నెలలో ఇల్లు తుడవడం ఒక శిక్ష. గడప నుంచి ఆయన మంచం దాకా పసుపు పాదాలు. పొద్దున తుడిస్తే మధ్యాహ్నం మళ్ళీ అవే. "కాళ్ళు కడుక్కొని రా మామా" అంటే, "పసుపేనాయె, పెంట గాదు గదా" అనేవాడు. నేను తడిగుడ్డ నేలకేసి కొట్టి మళ్ళీ తుడిచేదాన్ని. ఒక మధ్యాహ్నం అలా తిట్టుకుంటూ తుడుస్తుంటే గుడ్డకు జిగట తగిలింది. కుడి పాదం ముద్ర మామూలుగానే ఉంది. ఎడమ పాదంలో, బొటనవేలి కింద, పసుపు మధ్యలో గోధుమరంగు తడి మచ్చ. ముందు అడుగులోనూ ఉంది. దాని ముందు అడుగులోనూ ఉంది.

ఆయన మంచం మీద పడుకుని ఉన్నాడు. "కాలు సూపియ్యి మామా" అన్నాను.

కాళ్ళు దగ్గరికి ముడుచుకుని దుప్పటి లాక్కున్నాడు. "కోడలికి అరికాలు సూపిస్తరా ఎవరన్న? ఏం లేదు పో. కొమ్ము గుచ్చుకుంది. పసుపు పెట్టిన."

"ఎప్పుడు గుచ్చుకుంది?"

"కళ్ళం ఏసిన కొత్తల. నొప్పి లేదు బిడ్డా. నొప్పి ఉంటె చెప్పనా?"

నొప్పి లేదట. నొప్పి లేదు కాబట్టి నయమైందట. నా ఒళ్ళు మండిపోయింది. మర్యాద, మన్నన అన్నీ పక్కన పెట్టి దుప్పటి లాగేసి కాలు పట్టుకున్నాను. తడిగుడ్డతో పసుపు తుడిచాను. తుడిచేకొద్దీ నలుపు బయటపడింది. బొటనవేలి కింద గుంత, దానినిండా కూరిన పసుపు. ఊళ్ళో ఆ నెలలో అందరి కాళ్ళూ పచ్చగానే ఉంటాయి, ఎవరు మాత్రం చూస్తారు? నాకు ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఆయన మీద, డాక్టర్ మాట వినని ఆ చెవుల మీద, బహ్రెయిన్‌లో ఉన్న మనిషి మీద, నా చేత్తో కలిపిన మలీద మీద.

నిజామాబాద్ దవాఖానలో చూసిన డాక్టర్ కాలు దక్కించడానికే చూస్తానన్నాడు, వేలు మాత్రం తీసెయ్యాలన్నాడు. ఆపరేషన్‌కు ముందు, ఏం తింటారని అడిగాడు. మామయ్య ఆ పరిస్థితిలో కూడా లేచి కూర్చుని గానుగ నూనె దగ్గర మొదలుపెట్టాడు. కొర్రలు, గట్క, గట్టు మీద కూరలు అన్నీ చెప్పాడు. డాక్టర్ మెచ్చుకున్నాడు కూడా. తర్వాత, బెల్లం రోజుకు ఎంత అని అడిగాడు.

"లెక్కేముంది సారూ, ఇంటిదే గదా" అన్నాడు మామయ్య.

డాక్టర్ కోప్పడలేదు. ఒంట్లోకి పోయాక బెల్లానికీ చక్కెరకూ తేడా లేదని, కొర్రలైనా సజ్జలైనా ఇన్ని అని లెక్క ఉండాలని, మంచి తిండి గోళీకి తోడేగానీ గోళీ బదులు కాదని నెమ్మదిగా చెప్పాడు. నేను ఏళ్ళ తరబడి గొంతు చించుకున్న మాటలే. మామయ్య మాత్రం అప్పుడే మొదటిసారి విన్నట్టు, "బెల్లం గూడనా" అన్నాడు.

వేలు తీసేశాక మర్నాడు కట్టు వైపు చూస్తూ చాలాసేపు పడుకున్నాడు. నేను గంజి తాగిస్తుంటే చెయ్యి పట్టుకున్నాడు. "మీ అత్త దుకాణం తిండి తిని పాయె. నేను మంచిది తిని గిట్లైతి. ఇగ ఏం తినాలె బిడ్డా?"

తిట్టడానికి ఎన్ని మాటలు దాచుకున్నానో, అవన్నీ ఎటు పోయాయో తెలియదు. "గిదే తినాలె మామా. కొంచెం తినాలె. గోళీ ఏసుకోవాలె" అన్నాను. అంతకంటే నాకు మాత్రం ఏం తెలుసు?

ఇప్పుడు మా ఇంట్లో రొట్టె ఒక్కటే, దానికి రెండింతలు కూర. పప్పు, ఆకుకూర, మజ్జిగ. మలీద పండుగకే. మామయ్య మారిపోయాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మూత తీసి వాసన చూడటం మానలేదు. "రొట్టె పల్చగ చేసినవ్, నా మీద పగ తీర్చుకుంటున్నవా" అంటాడు. గోళీ వేసుకుని నోరు తెరిచి చూపిస్తాడు, నేను అడక్కపోయినా, నన్ను ఏడిపించడానికి. ఈసారి కళ్ళం వేసినప్పుడు కొత్త బట్ట బూట్లు కొనిపించి, పసుపు నీళ్ళు చల్లి, బొట్టు పెట్టి, లక్ష్మి పటం ముందు ఉంచి, అప్పుడు వేసుకుని పసుపు మీదికి వెళ్ళాడు. కాశీరాం నోరు తెరిచి చూస్తే, అతనికీ షుగర్ పరీక్ష చేయించుకోమని పాఠం మొదలుపెట్టాడు. బెల్లం పాఠం పోయి షుగర్ పాఠం వచ్చింది, పాఠం మాత్రం పోలేదు.

రోజూ పొద్దుగూకే ముందు నల్లా దగ్గర కూర్చుని సబ్బుతో కాళ్ళు కడుక్కుంటాడు. వేళ్ళ సందుల్లో పసుపు పోయేదాకా రుద్దుతాడు. తుడుచుకుని వచ్చి కుర్చీలో కూర్చుంటాడు. ఎడమ కాలు ఎత్తి పీట మీద పెడతాడు, మొహం గోడ వైపు తిప్పుకుంటాడు. "సూడు బిడ్డా" అంటాడు. ఫోన్ లైట్ వేసి వంగి చూస్తాను. ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ప్రతి పండుగకూ ఈ కాళ్ళకు మొక్కాను, మొక్కిన ప్రతిసారీ కళ్ళు దించుకునే ఉన్నాను, అరికాలు ఎలా ఉంటుందో ఎన్నడూ చూడలేదు. పగుళ్ళు, పాత ముళ్ళ గుర్తులు, వేలు లేని చోట నున్నటి చర్మం. అంతా చూసి, మంచిగనే ఉంది మామా అంటాను. అప్పటిదాకా ఆయన మొహం ఇటు తిప్పడు.