తమ్ముడి భరిణె, చైనావిడ దువ్వెన

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి నేనూ, మా మనవరాలు హారికా సన్నీవేల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో రైలెక్కాం. గంటకు పైనే ప్రయాణం. పులిహోర కట్టుకున్నాను. మీరు వెళ్లినా కట్టుకెళ్లండి, అక్కడ ఒక్క కాఫీ మన ఊళ్లో భోజనం ఖరీదు.

ఇదంతా మా తమ్ముడి కోసం. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాడు. చైనా ప్లాస్టిక్ బొమ్మలొచ్చి గిరాకీ పోయింది. "అక్కా, అమెరికా గుర్తు ఏదైనా తే. చైనాదైతే గుమ్మం దాటనివ్వను" అన్నాడు. వచ్చేవారమే నా తిరుగు ప్రయాణం.

స్టేషన్ నుంచి బస్సెక్కి రేవు దగ్గర దిగి దుకాణాలన్నీ తిరిగాం. టోపీ, గిన్నె, ఆ ఊరి ఎర్ర వంతెన బొమ్మ, ఏది పట్టుకున్నా హారిక వెనక్కి తిప్పి చూసి, "ఇదీ చైనాదే అమ్మమ్మా" అంది.

"మరి అమెరికావాళ్లు ఏం చేస్తారే?"

"కొంటారు."

వట్టి చేతులతో మూడింటి రైలెక్కాం. ఎదురు సీట్లో నా వయసు చైనావిడ. మొహం తిప్పుకుందామనుకునేలోపే నారింజ తొనలు నా చేతిలో పెట్టింది. తిని ఊరుకుంటే ఏం బాగుంటుంది? బొట్టు పెట్టుకోమని, తమ్ముడు చెక్కతో చేసిన కుంకుమ భరిణె తీసి రెండు చేతులా అందించాను. ఆవిడ రెండు చేతులా తీసుకుని, మూత మీద గోరు రాసి చూసి, తల వంచి, తన సంచిలో వేసుకుంది!

"అడగవే హారికా!"

"గిఫ్ట్ అనుకుంది అమ్మమ్మా. ఇప్పుడు అడిగితే రూడ్‌గా ఉంటుంది."

ఆవిడ తన ఫోన్‌లో ఏదో మాట్లాడింది. ఫోన్ దాన్ని ఇంగ్లీషు చేస్తే హారిక నాకు చెప్పింది. "వాళ్ల హస్బెండ్ కూడా చెక్కతో చేసేవాడంట, దువ్వెనలు."

"చేసేవారు అనాలి."

"చేసేవారంట. ఊళ్లో ప్లాస్టిక్ ఫ్యాక్టరీ వచ్చి ఆయన పని పోయిందంట. ఈవిడేమో అదే ఫ్యాక్టరీలో జాబ్ చేసి కూతుర్ని చదివించిందంట. ఆ కూతురే ఇక్కడ ఇంజనీర్. ఆయన చనిపోయేదాకా ప్లాస్టిక్ దువ్వెన ముట్టలేదంట."

చైనా ఫ్యాక్టరీ చైనావాడి పనే తీసేయడమేమిటి? అతని కూతుర్ని చదివించడమేమిటి? ఇక నేను ఎవర్ని తిట్టాలి? ఆలోచిస్తుండగానే ఆవిడ వాడి వాడి నునుపెక్కిన చెక్క దువ్వెన నా చేతిలో పెట్టి గుప్పెట మూసింది. ఆయన చేసిందేనట.

సన్నీవేల్‌లో దిగాక హారిక అడిగింది: "ఇప్పుడు ఏటికొప్పాక తాతయ్యకి ఏం తీసుకెళ్తావ్?"

"దువ్వెన."

"అది చైనాది కదా!"

"అవును. గుమ్మం బయటే నిలబడి వాడి చేతిలో పెడతాను. దాని పళ్లు తడిమి చూసుకోనీ. లోపలికి రమ్మంటాడో లేదో ఆ తర్వాత చెప్పనీ."