వరసలో చివరి పిల్ల

2023 జూన్ 5, సోమవారం. బళ్ళారి కంటోన్మెంట్‌లోని ఒక పాత బడి హాలు. పైన రేకులు, కింద నాపరాళ్ళు, నాలుగు పరుపులు, ఒక వాల్ట్, ఒక స్ప్రింగ్‌బోర్డు. వాల్ట్ అంటే దూరం నుంచి పరుగెత్తుకొచ్చి, చేతులు ఆనించి, పైనుంచి దాటే మెత్తటి ఎత్తుబల్ల. స్ప్రింగ్‌బోర్డు దాని ముందుండే, కాళ్ళతో తన్ని ఎగరడానికి వాడే పలక. నేను ముప్పై నాలుగేళ్ళు వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసి 2014లో రిటైరయ్యాను. అప్పటి నుంచి పొద్దున ఆరు నుంచి ఏడున్నర వరకు ఆ హాల్లో ఆడపిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పుతున్నాను. ఏడున్నరకు ప్రార్థన బెల్లు కొడతారు. ఒక్క నిమిషం కూడా ఎక్కువ ఇవ్వరు.

ఆ ఏడు టీముకు నలుగురు పిల్లలు దొరికారు. ప్రీతి, కావ్య, నందిని, భార్గవి. పోటీకి టీముగా పేరు ఇవ్వాలంటే నలుగురు ఉండాలి, అందుకని చాలా ఏళ్ళ తరవాత నాకు సంతోషమైంది. మొదటి ముగ్గురూ కంటోన్మెంట్ చుట్టుపక్కల వాళ్ళే. భార్గవిది హగరి దగ్గర పల్లె. పదమూడేళ్ళు. నాలుగున్నరకు లేచి, ఐదుంబావు బస్సెక్కి వచ్చేది. నలుగురిలో పొడుగు తనే.

నా హాజరు పుస్తకం ప్రకారం జూన్ 5 నుంచి ఆగస్టు 31 వరకు పని జరిగిన రోజులు 74. భార్గవి వచ్చినవి 73. నందిని 52. కావ్య, ప్రీతి ఆ మధ్యలో. వచ్చిన రోజుల్లో కూడా ఆ ముగ్గురికీ ఆట మీద కన్నా కబుర్ల మీద మనసు ఎక్కువ. ఒకతె జడ విప్పి మళ్ళీ అల్లుకునేది, ఒకతె నీళ్ళకు పోయి పది నిమిషాలకు వచ్చేది. నేను రోజూ తిట్టేదాన్ని. భార్గవిని చూపించి, "చూసి నేర్చుకోండి" అనేదాన్ని.

సెప్టెంబరు 1, శుక్రవారం. భార్గవి నాన్న ఈరన్న వచ్చాడు. మిరప పండిస్తాడు. పేడ అంటిన చెప్పులు గడప బయటే విడిచి, లోపలికి రాకుండా నిలబడ్డాడు.

"మేడమ్మా, తప్పుగా అనుకోవద్దు. మూడు నెల్లాయె. మా బిడ్డ ఆ బల్ల దాటిందా?"

"ఇంకా లేదప్పా."

"అదే చెప్తాండా. పొద్దున్నే చీకట్లో పంపిస్తాండా. బిడ్డ ఇంటికొచ్చి అన్నం ముందర కునుకుతాది. దసరా సెలవులు ఇచ్చేవరకు చూస్తా. దాటితే సరి. దాటకపోతే ఇంక చాలు, బస్సు మానిపిస్తా."

ఆ పిల్ల బల్ల దాటాల్సింది హ్యాండ్‌స్ప్రింగ్‌తో. పరుగెత్తి, బోర్డు మీద రెండు కాళ్ళతో తన్ని, తలకిందులుగా బల్ల మీద చేతులు ఆనించి, భుజాలతో ఒక్క తోపు తోసి, అవతల కాళ్ళ మీద నిలబడాలి. భార్గవి చేతులు ఆనించేది. తోపు ఆలస్యమయ్యేది. ప్రతిసారీ వీపు మీద పడేది. నేను బల్ల పక్కన నిలబడి నడుం కింద చెయ్యి పెట్టి ఆసరా ఇస్తాను, దాన్ని స్పాటింగ్ అంటాం. ఆసరా ఉంది కాబట్టి దెబ్బ తగలదు. కానీ ఆసరాతో తోపు రాదు. అది మళ్ళీ మళ్ళీ చేస్తేనే వస్తుంది.

ఈరన్న వెళ్ళాక భార్గవిని పిలిచి గట్టిగానే అన్నాను. "మూడు నెలల్లో రాలేదంటే నీలో పట్టుదల చాల్లేదు."

పిల్ల తల వంచుకుంది. "నా వంతు వచ్చేలోపల బెల్లు కొడ్తాది మేడమ్," అంది.

"నెపాలు చెప్పొద్దు. 73 రోజులు వచ్చావు, నా పుస్తకంలో ఉంది."

"వస్తాండా మేడమ్. వచ్చి నిలబడుకోని ఉండా."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. కానీ లెక్క చూడకుండా ఒకరి మాట అబద్ధమనడం నాకు చేతకాదు. సోమవారం, సెప్టెంబరు 4న, ఇంటి నుంచి నాలుగు స్టీలు గ్లాసులు, ఒక సంచిలో చింతపిక్కలు తెచ్చాను. గ్లాసులు బల్ల పక్కన కిటికీ గట్టు మీద పెట్టి, ఒక్కో గ్లాసు మీద ఒక్కో పేరు అతికించాను. ఏ పిల్ల బల్ల మీదికి వచ్చినా, దిగగానే ఆ పిల్ల గ్లాసులో ఒక పిక్క వేశాను.

నందిని చూసి ఊరుకుంటుందా. "ఓయమ్మ, మేడమ్ మనకు పిక్కలు పెడ్తాండాది, కోళ్ళకు పెట్టినట్ల!"

"కోళ్ళయితే తెల్లవారక ముందే లేస్తాయి. నువ్వు ఆరుంబావుకు వచ్చినావు," అన్నాను.

వాల్ట్‌కు నేను ఇచ్చే సమయం రోజుకు యాభై నిమిషాలు. ఒక వంతుకు, అంటే పరుగు, దూకుడు, పరుపు సర్దడం అన్నీ కలిపి, నిమిషం చాలు. అంటే నలుగురికి రోజుకు యాభై వంతులు, ఆరు రోజులకు మూడు వందలు. శనివారం సాయంత్రం గ్లాసులు బోర్లించి లెక్కపెట్టాను. ప్రీతి 36, కావ్య 36, నందిని 35, భార్గవి 30. మొత్తం 137.

సగం కూడా లేదు. ఉన్నదాంట్లో కూడా అందరికన్నా తక్కువ భార్గవికే. ఎందుకంటే నా హాల్లో పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక. పోటీల్లో కవాతుగా లోపలికి నడిచేటప్పుడు అలా నిలబెడతారు. నేను ముప్పై ఏళ్ళుగా నేర్పేటప్పుడూ అదే వరస పెట్టాను. ముందున్న ముగ్గురూ ఎంత సాగదీస్తే అంతా చివరి పిల్ల మీద పడింది. ఏడు ఇరవై ఐదుకు విజిల్ వేసే సమయానికి ఆ పిల్ల పరుగు మొదలయ్యే చోట సిద్ధంగా నిలబడి ఉండేది, నేను "చాలు, పరుపులు తీయండి" అనేదాన్ని. ఆరు రోజుల్లో ఐదు రోజులు అదే జరిగింది.

ఇంకో సంగతి నేను కనిపెట్టింది కాదు. ఐదో రోజు, శుక్రవారం, ఆలస్యం చేసినందుకు ముగ్గురినీ నిలబెట్టి క్రమశిక్షణ గురించి చెప్తున్నాను. మధ్యలో నందిని చెయ్యెత్తింది.

"మేడమ్, మీ ఉపన్యాసానికి గ్లాసు లేదా?"

ప్రీతి, కావ్య నోళ్ళు మూసుకుని నవ్వారు. భార్గవి మాత్రం నవ్వలేదు. గోడ గడియారం వైపు చూస్తూ ఉంది. ఆ చూపు చూశాక నాకు తిట్టబుద్ధి కాలేదు.

మరుసటి రోజు ఐదో గ్లాసు తెచ్చి నా పేరు రాశాను. గడియారం చూసే పని నందినికే అప్పగించాను. "నేను మాట్లాడిన ప్రతి నిమిషానికి ఒక పిక్క వెయ్యి," అన్నాను. ఆ పిల్ల జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేసి ఉండదు. ఏడు ఇరవై ఐదుకు నా గ్లాసులో పదకొండు పిక్కలు.

ఆ రోజు జరిగిన వంతులు 23. నా మాటలు 11 నిమిషాలు. యాభైలో మిగిలింది 16. అంటే పిల్లలు పాడు చేసింది పదహారు నిమిషాలు, పాడు చేయొద్దని చెప్తూ నేను పాడు చేసింది పదకొండు. శ్రద్ధ లేనివాళ్ళకు శ్రద్ధ గురించి నేను చెప్పిన ప్రతి మాటా, శ్రద్ధ ఉన్న ఒక్క పిల్ల సమయంలోంచి తీసి చెప్పిందే.

సెప్టెంబరు 11 నుంచి పద్ధతి మార్చాను. పొడుగు పొట్టి వరస లేదు. పరుగు మొదలయ్యే చోట సున్నంతో గీత గీశాను. బల్ల దగ్గర నేను సిద్ధం కాగానే విజిల్ వేస్తాను. అప్పుడు గీత మీద ఎవరుంటే వాళ్ళదే వంతు. ఎవరి కోసమూ ఎవరూ ఆగక్కర్లేదు. మోకాళ్ళు దెబ్బతినకుండా ఒక్కొక్కరికి రోజుకు పన్నెండు వంతులకు మించి లేవు. నేను చెప్పాల్సింది ఏదున్నా ఏడు ఇరవై ఐదు తరవాతే.

మొదటి వారం భార్గవికి 70, ప్రీతికి 52, కావ్యకు 40, నాలుగు రోజులే వచ్చిన నందినికి 27. మొత్తం 189. పని నడుస్తోందని అనుకున్నాను.

కానీ పిల్లల మధ్య గాలి మారింది. భార్గవిని 'ఒలింపిక్ అక్కా' అని పిలవడం మొదలుపెట్టారు. ఆమె వస్తే మాటలు ఆపేవాళ్ళు. సెప్టెంబరు 23న కావ్య వాళ్ళమ్మ వచ్చింది. "మా పిల్ల సుమ్నే, ఊరికే సరదాగా ఆడుకుంటాదని పంపిస్తిమి మేడమ్. ఇంత గట్టిగా అయితే మాకు వద్దు," అని పిల్లను తీసుకుపోయింది. నలుగురు ముగ్గురయ్యారు. ఆ ఏటికి టీము లేదు. ఇక పోటీకి ఎవరు వెళ్ళినా ఒంటరిగా పేరు ఇచ్చి వెళ్ళాల్సిందే. ఆ రోజు ఇంటికి నడుస్తుంటే, పాత వరస మళ్ళీ పెడితే కావ్య తిరిగి వస్తుందేమో అని ఒకసారి అనిపించిన మాట నిజం. పెట్టలేదు.

25వ తేదీ సోమవారం భార్గవి గ్లాసులో నాలుగే పిక్కలు. మిగిలిన సమయం ప్రీతి, నందినిల పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. విజిల్ వేస్తే తల తిప్పుకుంది. దసరా సెలవులకు ఇంకా పన్నెండు రోజులే ఉన్నాయి. ఏడు ఇరవై ఐదు అయ్యాక ఆమెను ఒక్కదాన్నే ఆపాను.

"నాలుగే ఉన్నాయి."

"కావ్య నా వల్లనే పోయింది మేడమ్. టీము కూడా నా వల్లనే పోయింది."

"పద్ధతి పెట్టింది నేను. ఎవరైనా పోయి ఉంటే నా వల్ల పోయినారు. ఇంకేముంది?"

గ్లాసులోని పిక్కల వైపు చూసింది. తరవాత ఒక్కసారిగా అంది. "గీత మీద నిలబడితే వాళ్ళు నాతో మాట్లాడరు. బస్సులో ఒక్కదాన్నే వస్తా. ఈడ కూడా ఒక్కదాన్నేనా మేడమ్?"

దీనికి నా పుస్తకంలో లెక్క లేదు. ఎంతో మంది పిల్లలకు పట్టుదల గురించి చెప్పాను కానీ, పట్టుదల ఉన్న పిల్లకు నోరు విప్పి మాట్లాడే తోడు కూడా కావాలని ఎన్నడూ ఆలోచించలేదు.

"బోర్డు మీద ఒక్కదానివే. దానిమీద ఇద్దరు పట్టరు," అన్నాను. "గోడ దగ్గర మాత్రం వాళ్ళ పక్కన కూర్చో. నవ్వు. జడలు అల్లుకోండి. నేను అడ్డం రాను. వాళ్ళ మాదిరి ఉండొద్దని నీకు ఇంక చెప్పను, నీ మాదిరి ఉండమని వాళ్ళకూ చెప్పను. విజిల్ వేసినప్పుడు గీత మీద ఉండు. అంతే."

"నవ్వొచ్చా?"

"పరుగెత్తేటప్పుడు తప్ప."

మంగళవారం ఆమె గోడ దగ్గర కూర్చుంది, విజిల్‌కు లేచింది, దూకింది, మళ్ళీ పోయి కూర్చుంది. ఏడెనిమిది వంతులయ్యాక ఒకసారి లేవడం ఆలస్యమైంది. నందిని ఆమె వీపు మీద చరిచింది. "పోవే ఒలింపిక్ అక్కా, బేగ పో! మేడమ్ విజిల్ మింగేస్తాది." ఆ రోజు పన్నెండు పూర్తయ్యాయి. ఆ తరవాత ఏ రోజూ పన్నెండుకు తగ్గలేదు.

అక్టోబరు 7, శనివారం. బడికి సెలవులిచ్చే ముందు చివరి రోజు. ఈరన్న కూతురితోపాటే బస్సులో వచ్చాడు. ఈసారి లోపలికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. అప్పటికి కొత్త పద్ధతిలో, సెలవులు తీసేస్తే, ఇరవై రోజులు గడిచాయి. భార్గవి వంతులు 230. ఆ అంకె ఆయనకు చెప్పాను. ఆయన తలూపాడు కానీ ఆయనకు కావాల్సింది అంకె కాదు.

మొదటి వంతు వీపు మీద పడింది. రెండోది పరుగు మధ్యలో ఆగిపోయింది. నాన్న చూస్తున్నాడని కాళ్ళు బిగుసుకున్నాయి. ఎనిమిది వరకు అంతే. ఎనిమిదో దాని తరవాత ఈరన్న లేచాడు. "సరే మేడమ్మా. బస్సు టైమయింది."

"ఇంకా నాలుగున్నాయి. కూర్చో అప్పా."

గొంతు కొంచెం ఎక్కువే లేచినట్టుంది. ఆయన కూర్చున్నాడు. తొమ్మిది, మోకాళ్ళ మీద దిగింది. పది, కాళ్ళ మీద దిగి వెనక్కి కూలబడింది. పదకొండో దానికి నేను చెయ్యి పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం లేదని ఆమె చేతులు బల్లకు తగిలిన చప్పుడులోనే తెలిసింది. అవతల రెండు కాళ్ళ మీద దిగి, రెండడుగులు తూలి, నిలబడింది.

ప్రీతి, నందిని కేకలు పెట్టారు. ఈరన్న మాత్రం కిటికీ గట్టు మీది గ్లాసు వైపు చూశాడు.

"ఇంకొకటి ఉండాది గదా మ్మా," అన్నాడు కూతురితో. "అదీ కానీ."

పన్నెండోది మళ్ళీ పడింది. పిల్ల పరుపు మీద పడుకునే నవ్వింది. ఈరన్న గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ నన్ను అడిగాడు. "సెలవుల్లో కూడా హాలు తెరుస్తారా మేడమ్మా?"

తెరిపించాను. తాళంచెవి కోసం ఇద్దరితో పోట్లాడాల్సి వచ్చింది, అది వేరే సంగతి. ఆ ఏటి పోటీలో భార్గవి ఒంటరిగా పేరిచ్చింది, ఏడో స్థానం వచ్చింది. నందిని ఇప్పటికీ వారానికి నాలుగు రోజులే వస్తుంది. నేనేమీ అనను.

తోటివాళ్ళకు శ్రద్ధ లేనప్పుడు ఒక పిల్ల మనసు విరిగితే, ఆ పిల్లకు ధైర్యం చెప్పాలని, మిగిలినవాళ్ళకు బుద్ధి చెప్పాలని నేను ముప్పై ఏళ్ళకు పైగా నమ్మాను. ఆ రెండూ మాటలే. ఎవరు వచ్చారో రాసుకున్నాను, వచ్చినవాళ్ళకు ఏం దక్కిందో రాసుకోలేదు. 73 రోజులు వచ్చిన పిల్లను పట్టుదల లేదని అన్నాను. శ్రద్ధను ఒకరి నుంచి తీసి ఇంకొకరికి పంచడం నా వల్ల కాదు. యాభై నిమిషాలను పంచడం నా వల్ల అవుతుంది. అది సరిగ్గా పంచానా అని ప్రతి శనివారం చూసుకోవడమే నా పని. పిల్లల పట్టుదల సంగతి పిల్లలు చూసుకుంటారు.