బారా మూరెడు తెడ్డు

చాంద్ బాషా నాకు వరసకు బావ. రాయచోటి వడ్రంగి. బతా పేటలో నేనూ ఆయనా ఒకే గది. రోజంతా తలుపులకూ అల్మరాలకూ చిత్రిక పట్టే మనిషి, సముద్రం గాలి కూడా తగలని రియాద్‌లో కూర్చుని పడవ తెడ్లు చెక్కుతానంటే మా మెస్సులో నవ్వనివాడు లేడు.

ఆ తెడ్లు రీమ్ కోసం. మా బావ భార్య మాబున్నీ పనిచేసే సౌదీ ఇంటి అమ్మాయి. సెలవులకు ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న యాన్బూ వెళ్లి కయాక్ అనే సన్న పడవ నడిపేది. కారు ప్రమాదంలో కుడి భుజం దెబ్బతింది. మళ్లీ నడపొచ్చని డాక్టరు అన్నా, వెడల్పాటి ప్లాస్టిక్ తెడ్డు నీళ్లలో వేయగానే భుజం కలుక్కుమనేది. ఇక కయాక్ అమ్మేస్తానని కూర్చుంది. ఆ పిల్ల దిగులు చూడలేక, భుజం నొయ్యని తెడ్డు చెయ్యమని మాబున్నీ మొగుడి ప్రాణం తీసింది.

రీమ్ ఫోనులో రెండు పాతకాలపు తెడ్ల బొమ్మలు పంపింది. రెండూ మంచుదేశాలవాళ్లవే. గ్రీన్‌లాండ్ తెడ్డు సన్నగా, రెండువైపులా ఒకేలా ఉంటుంది. ఎటు తిప్పి పట్టినా తప్పులేదు. అలాస్కా దగ్గరి దీవుల్లోని అల్యూట్ల తెడ్డుకు ఒకవైపు నున్నన, రెండోవైపు నడిమధ్యన గట్టు. ఏ వైపు తనవైపు తిప్పుకోవాలో వాడేవాళ్లే ఇంకా వాదించుకుంటారట. బావ రెండూ చేస్తానన్నాడు. పొడవు మాత్రం మనిషిని బట్టే: పట్టేవాళ్ల బారెడు, పైన మూరెడు.

శుక్రవారం మాబున్నీ బతాకొచ్చి, రీమ్ కొలతంటూ ఒక దారం ఇచ్చింది. బావ దాన్ని తన చేతుల మధ్య సాగదీసి చూశాడు.

"ఏమే, ఇది నీ బార కదా? ఆ పిల్ల నీకంటే జానెడు పొడుగని నువ్వే చెప్తివి."

పెళ్లికి ముందు మాబున్నీ పూలమ్మేది. కొనేది ఎవరైనా, మూర అమ్మేవాళ్ల చేతిదే. ఆ అలవాటే కొంప ముంచిందని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మరిచిపోయి కాదు. బార కొలవాలంటే రెండు చేతులూ చాపల్ల కదా. ఆ చెయ్యి భుజమెత్తుకు లేపితే పిల్లకు కండ్లల్లో నీళ్లొస్తాయి. నా చేతులైతే నొయ్యవని నేనే చాపితి."

నా నవ్వుకు నాకే సిగ్గేసింది. బావ దారాన్ని మెల్లిగా చుట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"బాగుండే చెయ్యి ఒకటే చాపమను. ఎదురొమ్ము నడిమి నుంచి వేలి కొస దాకా కొలువు. దాన్ని నేను రెండింతలు చేసుకుంటా. ఆ రెండోదాన్ని కదిలించొద్దు."

ఆ కొలతతోనే రెండు తెడ్లూ తయారయ్యాయి. యాన్బూ వెళ్తూ ఆ ఇంటివాళ్లు మాబున్నీని కూడా తీసుకెళ్లారు. రీమ్ నీళ్లలో దిగిన రోజు సాయంత్రం ఫోనొచ్చేదాకా బావకు అన్నం సయించలేదు.

"గట్టుండేది నీళ్లను బాగా పట్టిందంట గానీ భుజం లాగిందంట," అంది మాబున్నీ. "సన్నదైతే మెల్లిగ పోతాదిలే, నొప్పి మాత్రం లేదంట. చానా దూరం పోయొచ్చింది."

"మరి ఏడుస్తావెందుకు?"

అలల చప్పుడు మధ్య ఆమె ముక్కు చీదుకుంది.

"ఒడ్డుకొచ్చి నన్ను గట్టిగ కరుసుకునిందయ్యా. రెండు చేతుల్తోనూ."