మెడికల్ బుక్కులో మూడో వరస

1997 ఫిబ్రవరి పద్దెనిమిదో తేదీ వేసిన ఆ ఉత్తరం నకలు నా దగ్గర ఉంది. టాంజానియాలోని ఒక గ్రామీణ ప్రాంతంలో తాగునీటి పనుల్లో, స్త్రీల సంఘాల్లో తొమ్మిది నెలలు పనిచేయడానికి రజనీకుమారిని ఎంపిక చేశామని ఒక స్వచ్ఛంద సంస్థ రాసింది. ఆగస్టు ఒకటో తేదీకి ఆమె అక్కడ ఉండాలి.

రజని ఉక్కు ప్లాంటు కాలనీ సెక్టర్ 2లో మా పక్క క్వార్టరు పిల్ల. తండ్రి ధర్మారావు మిల్లులో క్రేను నడిపేవాడు. ఆమె రాయపూర్‌లో సమాజసేవ ఎం.ఏ. చదువుతూ, వారానికి మూడు రోజులు లోకల్ బండిలో కుమ్హారి వెళ్లేది. అక్కడి బస్తీలో ఏ బోరింగు పనిచేస్తున్నదో రాసుకునేది, పుట్టిన పిల్లల పేర్లు రిజిస్టరు చేయించి జనమ్ పర్చాలు ఇప్పించేది. సాయంత్రాలు మా వరండాలో కూర్చుని స్వాహిలీ మాటలు పైకి వల్లెవేసేది.

"ఏటే, కుమ్హారి నీల్లు సాల్లేదా? ఆఫ్రికా బావులు కూడా నువ్వే సూడాలా?" అని తండ్రి ఎగతాళి చేసేవాడు.

"నీ క్రేనెక్కి చూడు నాన్నా, అక్కణ్ణుంచి చెయ్యి ఊపుతాను."

మే నెలలో పాస్‌పోర్టు విచారణకు పోలీసు మనిషి వచ్చాడు. ఆమె ఆ ఇంటి పిల్లేనని రుజువు అడిగాడు. తల్లి అప్పయమ్మ గర్వంగా ప్లాంటు మెడికల్ బుక్కు తెచ్చి చేతికిచ్చింది. కుటుంబసభ్యుల పట్టికలో మూడో వరసలో రజనీకుమారి పుట్టిన సంవత్సరం 1970. మెట్రిక్ సర్టిఫికెట్లో 1973.

"మాజీ, బేటీ ఏక్ హై యా దో?" అన్నాడతను, టీ గ్లాసు కింద పెడుతూ.

ఒకరా, ఇద్దరా అని అతడు అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబు ఇద్దరే. మొదటి రజనీకుమారి శ్రీకాకుళం జిల్లాలో అమ్మమ్మగారింట్లో పుట్టి, పధ్నాలుగో నెలలో అక్కడే జ్వరంతో పోయింది. ఆ మరణం ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు. మళ్లీ ఆడపిల్ల పుడితే, మనవాళ్లు చేసేదే, పోయిన పిల్ల పేరే పెట్టుకున్నారు. అప్పట్లో నేను ప్లాంటు టైమాఫీసులో కార్మికుల వివరాలు రాసే గుమాస్తాను. ధర్మారావు ఆ పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"బాబూ, ఆ వరస కొట్టెయ్యాలంటే పిల్ల పోయిందని రాయాల. మా ఇంటిది తట్టుకోలేదు. పేరు ఆ పేరే కదా, ఉంచీండి."

ఉంచాను. ఆ మూడో వరస నా చేతిరాత.

జూన్‌లో పాస్‌పోర్టు కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది: రెండవ వ్యక్తి మరణించినట్టు ధ్రువపత్రం సమర్పించవలెను. ఆ పుస్తకం చూపించి ఇరవై నాలుగేళ్లు ఆ పిల్లకు సూదులు వేయించారు, మందులు తెచ్చుకున్నారు. అప్పుడెవరికీ రాని అనుమానం ఇప్పుడొచ్చింది. ఎదురుగా నిలబడిన మనిషి చాలదట! పాతికేళ్ల క్రితం పాతిపెట్టిన బిడ్డ కాగితం మీద మళ్లీ చనిపోతే తప్ప, ఈమె ఈమె కాదట. నేను పదకొండు ఉత్తరాలు రాశాను. వచ్చిన జవాబు ఒక్కటే: 'పరిశీలనలో ఉన్నది.'

ఆలస్యంగా మరణం నమోదు చేయాలంటే ఆ జిల్లాలో మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. దానికి తల్లి సంతకంతో వాంగ్మూలం కావాలి. నేనే రాసి తీసుకువెళ్లాను. అప్పయమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"ఆ పిల్ల నేదని నా సేత్తో రాసిమ్మంతారేటి బాబూ? రోజూ ఆ పేరే పిలస్తన్నాను కదా!"

"నేను ఉన్నానని రాయడానికే కదమ్మా," అంది రజని. తల్లి ముఖం తిప్పుకుంది. రజని నా వైపు తిరిగి, "అంకుల్, బస్తీలో నలభై మంది పిల్లలకి జనమ్ పర్చా నేనే చేయించాను," అంది.

సంతకం కోసం ఇరవై రెండు రోజులు గడిచాయి. అప్పయమ్మను తప్పు పట్టను. పట్టవలసిన వాళ్ల జాబితాలో నా పేరు ముందుంది. చివరకు ఒక మధ్యాహ్నం ఆమె సంతకం పెట్టి, వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. ధర్మారావు ఆ కాగితంతో దుర్గ్‌లో రైలెక్కాడు.

జూలై ఇరవై ఒకటిన సంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. ఇక వేచి ఉండలేమనీ, ఆ స్థానం మరొకరికి ఇచ్చామనీ, వచ్చే ఏడాది ఈ కార్యక్రమం ఉండదనీ రాశారు. రజని రెండుసార్లు చదివి, మడిచి, నకలు తీసుకోమని నాకే ఇచ్చింది. స్వాహిలీ కాగితాలు మళ్లీ మా వరండాలో కనబడలేదు.

మరణ ధ్రువపత్రం సెప్టెంబరులో వచ్చింది. పేరు రజనీకుమారి, వయసు పధ్నాలుగు నెలలు. అప్పయమ్మ దాన్ని అడిగి తీసుకుని, ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలో పెట్టుకుంది. పాస్‌పోర్టు నవంబరులో వచ్చింది.

ఇప్పుడు రజని దుర్గ్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర టెండరు కాగితాలు టైపు చేస్తోంది. కుమ్హారి వెళ్లడం మానేసింది. మొన్న అక్కడి స్త్రీ ఒకామె పసిబిడ్డను చంకనేసుకుని, జనమ్ పర్చా కోసం దీదీని మా వీధి దాకా వెతుక్కుంటూ వచ్చింది. రజని ఆ బిడ్డ వైపు చూడకుండానే, ఆ పని తానిప్పుడు చేయడం లేదని చెప్పి పంపేసింది.

ఆ సాయంత్రమే పాస్‌పోర్టు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"మీరు అన్నీ దాస్తారు కదా అంకుల్, ఇదీ దాచండి."

దాచాను. ఏ పుటలోనూ ఒక్క ముద్ర లేదు.